గజ్జెల సంచిలో చీటీ: టీకా తాత్పర్య సహితం

మూలం: ఆరింటికి లేవాలి. అడవులు మూడు కాలాలు. పెరుగన్నం తిని కాలేజీకి. ఐదింటికి క్లాసు, గజ్జెలు మరవకు. రాత్రి ఫోను ఐదు నిమిషాలే.

అవతారిక: ఈ అయిదు వాక్యాలూ విజయవాడలో ఇంటర్ రెండో ఏడు చదువుతూ కూచిపూడి నేర్చుకుంటున్న 17 ఏళ్ళ నర్తకి రచన. ఫిజిక్స్ నోట్సులో చివరి కాగితం చింపి, నీలం బాల్‌పెన్నుతో రాసి, నాలుగు మడతలు పెట్టి గజ్జెల సంచిలో వేసిన ప్రతి ఒక్కటే లభ్యం. గ్రంథకర్త్రి తనకు తానే చెప్పుకున్న మాటలు కనుక ఇక్కడ ఆజ్ఞాపించేదీ, ఆజ్ఞ ఎగ్గొట్టేదీ ఒకరే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి పెట్టుకున్న నియమంలో మొదటి సగాన్ని ఈ టీక పాటిస్తుంది. రెండో సగానికి హామీ లేదు.

ఆరింటికి లేవాలి

టీక: ఆరింటికి = ఉదయం ఆరు గంటలకు; లేవాలి = నిద్ర మాని, మంచం దిగి, రెండు కాళ్ళ మీద నిలబడవలెను. కళ్ళు తెరిచినంత మాత్రాన లేచినట్టు కాదని ఈ ఇంట్లో పూర్వం నుంచీ ఉన్న సంప్రదాయం.

పాఠాంతరం: ‘ఆరింటికి’ పైన పెన్సిలుతో ‘ఐదున్నర’ అని ఉంది. దస్తూరీ తల్లిది. కాబట్టి ఇది ప్రక్షిప్తం. అయితే తక్కిన గ్రంథాల్లో ప్రక్షిప్తాలను పండితులు తీసేస్తారు, ఇక్కడ ప్రక్షిప్తమే అమలవుతున్నది.

విశేషం: నాట్యశాస్త్రం లెక్కపెట్టిన 33 సంచారిభావాల్లో సుప్తం, నిద్ర, విబోధం, ఆలస్యం అనే నాలుగూ అలారం మోగాక పది నిమిషాల్లోనే వచ్చిపోతాయి. దుప్పటి లాగినప్పుడు అమర్షం, “ఇంకొక్క రెండు నిమిషాలమ్మా” అన్నప్పుడు దైన్యం. ఇన్ని సంచారుల వెనుక ఉండవలసిన స్థాయిభావం ఉత్సాహం. అది ఈ గ్రంథంలో రెండో వాక్యం దాకా కనిపించదు.

అడవులు మూడు కాలాలు

పూర్వపక్షం: అడవులనగా అరణ్యాలు, మూడు కాలాలనగా భూత భవిష్యద్వర్తమానాలు. కనుక గ్రంథకర్త్రి ఎల్లప్పుడూ వనవాసమే చేయదలచిందని, ఇంటర్మీడియట్ మీద కలిగిన వైరాగ్యమే దీనికి కారణమని ఒక వాదం.

సిద్ధాంతం: తర్వాతి వాక్యంలో ‘కాలేజీకి’ అని స్పష్టంగా ఉన్నందున ఆ వాదం నిలవదు, కారణం మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. అడవు అంటే కాలి తాపు, చేతి కదలిక, నడుము, చూపు ఒక లెక్కకు కుదిరిన కనీస నృత్తభాగం. అక్షరాలు కూడితే మాట అయినట్టు అడవులు కూడితే జతి అవుతుంది. కాలమంటే ఇక్కడ వేగం. ఆదితాళం ఒక ఆవర్తానికి 8 అక్షరాలు. మొదటి కాలంలో ఒక ఆవర్తంలో ఒకసారి పూర్తయ్యే అడవు, రెండో కాలంలో అంతే వ్యవధిలో రెండుసార్లు, మూడో కాలంలో నాలుగుసార్లు రావాలి. తాళం వేగం మాత్రం మారకూడదు.

ఈ ‘మారకూడదు’ దగ్గరే అసలు కథ. త్వరగా ముగించి మళ్ళీ పడుకోవచ్చన్న ఆశతో గ్రంథకర్త్రి మొదటి కాలాన్నే కొంచెం హుషారుగా ఎత్తుకుంటుంది. రెండో కాలం దాకా అది తెలివైన పనిలాగే ఉంటుంది. మూడో కాలంలో ఆ హుషారు నాలుగింతలై తిరిగొస్తుంది. మడమ నేలకు తగలదు, చెయ్యి సగం దారిలో వెనక్కి మళ్ళుతుంది, అరమండి లేచి మామూలుగా నిలబడడం అవుతుంది. నిదానంగా మొదలుపెట్టినవాళ్ళకే వేగం దక్కుతుందన్న సంగతి ప్రతి విద్యార్థినికీ మాస్టారు చెప్పే ఉంటారు. చెప్పినా ప్రతి ఉదయం దీన్ని కొత్తగా కనిపెట్టవలసి వస్తున్నది.

అరమండి గురించి ఒక మాట. మోకాళ్ళు బయటికి తిప్పి, సగం కూర్చుని, వీపు నిటారుగా ఉంచే ఈ నిలుపు చూసేవాళ్ళకు సులభంగా ఉంటుంది. నిమిషం గడిచాక తొడలు వణకడం మొదలవుతుంది. మోకాలు పాదం వైపుకే వంగాలి. అది లోపలికి పడిందా, నొప్పి ఆ పూట కాకపోయినా ఆ ఏడాదిలో వస్తుంది. దానికి తోడు ఫ్లాటులో నేల గ్రానైటు. చెక్క నేల తాపును కొంత తనలోకి తీసుకుంటుంది, గ్రానైటు మొత్తాన్నీ మడమకే తిరిగి ఇచ్చేస్తుంది. అందుకని కింద జంపఖానా పరచుకుంటే అది జారుతుంది. జారకుండా తీసేస్తే కింది పోర్షనువాళ్ళు ఫోను చేస్తారు.

వ్యంగ్యం: అడవులు బహువచనం. ఎన్ని అని చెప్పలేదు. ‘అన్ని’ అనీ అనలేదు. ఈ మౌనం కావాలని పాటించినదే. బద్ధకించిన రోజున రెండు చేసినా బహువచనానికి లోటు రాదు.

పెరుగన్నం తిని కాలేజీకి

ఇది సులభం. ‘వెళ్ళాలి’ అని అధ్యాహారం చేసుకోవాలి. క్రియ లోపించడానికి కారణం బస్సు తొందర.

కాలేజీలో ఈ నర్తకిని గుర్తుపట్టడం తేలిక. క్యూలో నిలబడ్డా పాదాలు ఎడంగా, బయటికి తిరిగి ఉంటాయి. బెంచీ మీద వేళ్ళు ఊరికే ఉండవు. తకిట మూడు, తకధిమి నాలుగు, తకతకిట అయిదు, తకిట తకధిమి ఏడు, తకధిమి తకతకిట తొమ్మిది. అయిదు జాతులూ ఎలక్ట్రోస్టాటిక్స్ పాఠం కింద నడుస్తూనే ఉంటాయి. పక్కనున్న స్నేహితురాలికి ఇది తలనొప్పి, లెక్చరరుకు అనుమానం, గ్రంథకర్త్రికి మాత్రం తాను చేస్తున్నట్టే తెలియదు. దీన్ని సాధన అనాలా, కాలక్షేపం అనాలా అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. సమాధానం అయిదో వాక్యంలో దొరుకుతుంది.

ఫ్రెషర్స్ డే నాడు మరో సంకటం. “నువ్వు డాన్సరువి కదే, సినిమా పాటకి రెండు స్టెప్పులెయ్యి” అని అందరూ ముందుకు తోస్తారు. కూచిపూడికీ దానికీ సంబంధం లేదని వివరించబోతే గర్వమనుకుంటారు. వేస్తే మాస్టారికి తెలుస్తుందని భయం. చివరికి వేస్తుంది, బాగానే వేస్తుంది. నడుము మాత్రం అలవాటు చొప్పున నిటారుగానే ఉండి, మాస్ పాటకు కొంత దైవభక్తి అంటుకుంటుంది.

ఐదింటికి క్లాసు, గజ్జెలు మరవకు

టీక: మరవకు = మరచిపోవద్దు. మీమాంసకుల లెక్కలో ‘లేవాలి’ విధివాక్యం, ఇది నిషేధవాక్యం. మరచిపోయినవాళ్ళకే ఇలాంటి నిషేధం అవసరం కనుక, ఇంతకుముందు ఒకసారైనా మరచిపోవడం జరిగిందని ఊహించవచ్చు.

గజ్జెలు మొదటి రోజునే కాలికి ఎక్కవు. అడవులు కుదిరాక, గజ్జెపూజ జరిగాక, గురువు చేతుల మీదుగా వస్తాయి. కట్టుకునే ముందు కళ్ళకద్దుకోవడం, దాటకుండా నడవడం ఎవరూ పాఠంగా చెప్పరు, చూసి నేర్చుకుంటారు. క్లాసు మొదట్లోనూ చివరనూ భూమికి నమస్కారం ఉంటుంది. తొక్కబోతున్నందుకు, తొక్కినందుకు. చున్నీ నడుముకు బిగించి వరసలో నిలబడ్డాక మాస్టారి తాళం కర్ర చప్పుడే రాజ్యం. గజ్జెలున్న కాలు అబద్ధమాడలేదు. ఉదయం ఇంట్లో మూడో కాలంలో ఎగ్గొట్టిన తాపులన్నీ ఇక్కడ అందరికీ వినిపిస్తాయి.

చారిత్రకాంశం: ఈ చీటీ రాసినది అమ్మాయి కావడం వ్యాఖ్యాతలు దాటవేయరాని విషయం. కృష్ణా జిల్లా కూచిపూడిలో సిద్ధేంద్రయోగి పేరిట నడిచిన భాగవత సంప్రదాయంలో స్త్రీ పాత్రలన్నీ మగవాళ్ళే వేశారు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగా తెర మీదుగా జడ వేస్తే ఆ జడను చూడడానికే జనం వచ్చేవారు. ఆడవాళ్ళకు ఈ విద్య నేర్పడం 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటివారితో ఊపందుకుంది. ఆయన శిష్యుడు వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఇది ఊరి విద్య నుంచి నగరాల విద్యగా, తర్వాత అమెరికాలో తెలుగువాళ్ళ శనివారపు విద్యగా మారింది. 2010 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ నాట్య సమ్మేళనంలో 2,800 మందికి పైగా ఒకేసారి తిల్లానా చేశారు. అందులో అధికసంఖ్యాకులు అమ్మాయిలే. అంత మంది గజ్జెలు మరవకుండా రావడం ఆ రోజు సాధించిన అసలు రికార్డని ఈ టీకాకారుడి అభిప్రాయం.

తరంగం నేర్చే రోజుల్లో క్లాసు ఇంట్లోకి కూడా వస్తుంది. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, కాలివేళ్ళతో అంచు పట్టి, తాళం తప్పకుండా ముందుకు సాగడం కూచిపూడి ప్రత్యేకత. సాధన పళ్ళేనికీ వంటింటి పళ్ళేనికీ తేడా ఉందని గ్రంథకర్త్రి తల్లి చాలాసార్లు వాదించింది. సొట్టపడిన పళ్ళేలను బట్టి చూస్తే వాదం గెలిచినట్టు లేదు.

అభినయం మరీ కష్టం. ఎనిమిది విధాల నాయికల్లో విప్రలబ్ధ ఒకతె. వస్తానన్నవాడు సంకేతస్థలానికి రాకపోతే మోసపోయి నిలబడినది. 17 ఏళ్ళ పిల్లకు ఈ అనుభవం ఉండదు, ఉన్నా ఒప్పుకోదు. “సిటీ బస్సు నీ కళ్ళముందే ఆపకుండా వెళ్ళిపోయిందనుకో అమ్మా” అన్నారు మాస్టారు. ఆ క్షణంలో ముఖంలోకి వచ్చిన భావం చూసి వెనక వరసలో చిన్నపిల్లలు కూడా నిశ్శబ్దమయ్యారని క్లాసులో చెప్పుకుంటారు. ఆలంబనం ఆర్టీసీ అయితేనేం, విభావానుభావాలు సక్రమంగానే ఉన్నాయి.

రాత్రి ఫోను ఐదు నిమిషాలే

గ్రంథంలో కఠినమైన భాగం ఇదే. చివరి ‘ఏ’కారం అవధారణార్థకం. దేన్ని నిశ్చయిస్తున్నదన్న విషయంలో మతభేదాలున్నాయి. అయిదే, ఆరు కాదు అని ప్రాచీనులు. ఫోనే, టీవీ కాదు అని నవ్యులు. వాక్యం మొత్తమే విధి కాదు, అర్థవాదం, అంటే ఉన్నదున్నట్టు చెప్పక వినసొంపుగా చెప్పే ప్రశంస మాత్రమే అని మూడో మతం. తల్లి మూడో మతస్థురాలు.

ప్రత్యక్ష ప్రమాణం ఇది: ఎడమ చేతిలో ఫోను, కుడి చేయి శిఖరహస్తం, అనగా పిడికిలి మీద నిలబెట్టిన బొటనవేలు. అభినయదర్పణం చెప్పిన 28 అసంయుతహస్తాల్లో ఇది ఒకటి. వినియోగాల్లో మన్మథుడు, విల్లు, స్తంభం వంటివి ఉన్నాయి గానీ తెర జరపడం లేదు, నందికేశ్వరుడికి ఆ అవసరం పడలేదు. చెయ్యి పోయిన చోటికి చూపు, చూపు వెంట మనసు పోవాలన్న నియమం పొద్దున అడవుల్లో అరకొరగానూ, రాత్రి ఇక్కడ సంపూర్ణంగానూ అమలవుతుంది.

ఏం చూస్తుంది? మొదట పునుగుల బండి వీడియో, ఒక పిల్లి, ఎవరిదో పెళ్ళిలో సంగీత్. తర్వాత ఒక సినిమా పాట. పాటలో నటి చెయ్యి తప్పు పెట్టిందని వెనక్కి జరిపి మళ్ళీ చూస్తుంది. అక్కడినుంచి ‘స్వర్ణకమలం’. 1988లో విశ్వనాథ్ తీసిన ఈ సినిమాలో భానుప్రియ వేసిన మీనాక్షికి నాట్యం వచ్చు, ఇష్టం లేదు. స్టార్ హోటల్లో ఉద్యోగం చేసుకుంటూ హాయిగా బతకాలని ఉంటుంది. పెద్దవాళ్ళు ఈ సినిమాను మీనాక్షి చివరికి మారిందన్నందుకు మెచ్చుకుంటారు. గ్రంథకర్త్రి మొదటి సగాన్నే మళ్ళీ మళ్ళీ చూస్తుంది, ఎందుకంటే మొదటి సగంలో మీనాక్షి పలికే విసుగు ఆమెకు ఉదయం ఐదున్నరకు కంఠస్థం. ఆ తర్వాత ఎవరో పాతకాలం టేపు నుంచి ఎక్కించిన భామాకలాపం. మసక బొమ్మ, గరగర శబ్దం. అందులో జడ పట్టుకున్న తీరు ఒక్కటీ చూడడానికి మంచం మీదే లేచి కూర్చుని, చున్నీని జడగా చేసి, అద్దం ముందు నిలబడి, రెండు సార్లు ప్రయత్నించి, మూడోసారికి అరమండిలోకి దిగిపోతుంది. లైటు తీయమని పక్క గదిలోంచి కేక వస్తుంది.

ఇప్పుడు వాయిదా పడిన ప్రశ్న. ఇది సాధనా, కాలక్షేపమా? సాధన అయితే ‘ఐదు నిమిషాలే’ అని హద్దు పెట్టడం తప్పు. కాలక్షేపమైతే చెమట పట్టకూడదు, పట్టింది. ఉదయం గదిలో అడవులు తప్పించుకునేందుకు వెతికే తెలివీ, రాత్రి ఎవరూ అడగకుండా జడ పట్టుకునే ఆత్రమూ ఒకే మనిషివి. చీటీలో అడవులకు లెక్క లేదు, ఫోనుకే లెక్క ఉంది. హద్దు పెట్టుకోవలసింది దేనికో గ్రంథకర్త్రికి తెలుసు కాబట్టే అక్కడ మాత్రం అంకె వేసిందని నిర్ణయం. ఆ అంకె నిలవలేదన్నది వేరే విషయం.

పరిశిష్టం: చీటీ వెనక వైపు ‘పిన్నీసులు డజను, పారాణి, సోమవారం రికార్డు’ అని ఉంది. ఇది పద్దే తప్ప గ్రంథభాగం కాదని కొందరు తోసిపుచ్చారు. అది సరికాదు. రంగస్థలం మీద చీర కుచ్చిళ్ళు, పైట, జడ కిందకి జారకుండా నిలబెట్టేవి పిన్నీసులే. డజను చాలవన్నదే ఇక్కడ చెప్పుకోవలసిన దోషం. పారాణి పాదాల అంచుకూ వేలికొసలకూ పెట్టేది. దూరం నుంచి చూసేవాళ్ళకు వేళ్ళ కదలిక తెలియడం దాని ప్రయోజనం. రికార్డు అంటే ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డు. ఈ పదానికి టీక రాసే అధికారం లెక్చరరుది.