బండికి పూజ, బస్సుకు సెస్సు

రాష్ట్ర రవాణా విధానం అర్థం కావాలంటే బడ్జెట్ పుస్తకాలు తిరగెయ్యనక్కర్లేదు. పెదకాకాని భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడి దగ్గరికొస్తే చాలు. కొత్త కార్లు వరసగా నిలబడి ఉంటాయి. బానెట్ మీద పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. షోరూంలోనే లైఫ్ టాక్స్ కట్టేశారు గనక ఓనరు గారికి ఆ పన్ను బెంగ మళ్లీ ఉండదు. ఆ కారును చూడ్డానికొచ్చిన చుట్టాలు మాత్రం పల్లెవెలుగు బస్సు కోసం ఎండలో నిలబడతారు.

బస్సుకు ఆ యోగం లేదు. అది తాగే ప్రతి లీటరు డీజిల్ మీదా రాష్ట్రానికి 22.25 శాతం వ్యాట్, ఆపైన 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకా రోడ్డు అభివృద్ధి సెస్సు 1 రూపాయి. కేంద్రం ఎక్సైజ్ సుంకం సరేసరి. కాజ టోల్‌గేటు దాటితే కారు కన్నా బస్సుకే రేటు ఎక్కువ, అదీ టికెట్లోకే ఎక్కుతుంది. ఇన్ని మోసీ మోసీ డీజిల్ బరువైపోయిందని 2022 ఏప్రిల్‌లో ఆర్టీసీ టికెట్ మీద డీజిల్ సెస్సు వేసింది. పల్లెవెలుగులో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5. అంటే పన్ను కట్టిన ఖర్చుకు ప్రయాణికుడు మళ్లీ సెస్సు కట్టాడు. జులైలో దాన్ని ఇంకాస్త పెంచారు, అలవాటు తప్పిపోకుండా.

2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులు, ప్రజా రవాణా శాఖవారు. కాబట్టి ఇప్పుడు సర్కారు మనుషులు నడిపే బస్సులో పోసే డీజిల్ మీద సర్కారే పన్ను వసూలు చేసుకుని, ఆ బస్సు నష్టాల్లో ఉందని సర్కారే నిట్టూరుస్తుంది. చెరువు నీళ్లు చెరువుకే పోసి, తడిసిన చెయ్యి చూపించి దానం చేశామన్నట్టు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. బస్సుల్లో ఆడవాళ్లకు సున్నా టికెట్టు. అప్పటినుంచి మగవాళ్లలో పన్ను చెల్లింపుదారులు హఠాత్తుగా మేల్కొన్నారు. "మా పన్నులతో వీళ్లని తిప్పుతున్నారండీ" అంటాడొక పెద్దాయన, కారు కీ వేలికి తిప్పుకుంటూ. అయ్యా, మిరప కోతకు పోయే ఆవిడ కొనే సబ్బు మీదా పన్నుంది. మీ కారు నడిచే రోడ్డులో ఆవిడ వాటా కూడా ఉంది. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ మీకు గుర్తు చెయ్యలేదు, అంతే.

మనకు పన్నులు కరవా? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ అమ్మితే మార్కెట్ సెస్సు 1 శాతం. సంతలో బుట్ట దించితే ఆశీలు. పుస్తకానికి సెస్సుంది, మిరపకాయకు సెస్సుంది, బుట్టకు ఆశీలుంది. "ఇది ఊరి బస్సు కోసం" అని పేరు పెట్టి తీసిన పైసా మాత్రం ఒక్కటీ లేదు. బస్సు దగ్గర వసూలు చేసేవే అన్నీ.

అమెరికాకు పోయిన మనవాళ్లను అడగండి. 1983లో డల్లాస్, చుట్టుపక్కల ఊళ్లు ఓటేసుకుని, కొనుగోళ్లలో డాలరుకు 1 సెంటు బస్సులకూ రైళ్లకూ కేటాయించుకున్నాయి. అర్వింగ్, ప్లేనో అందులో చేరాయి. మన తెలుగువాళ్లు మేడలు కట్టుకున్న ఫ్రిస్కో చేరలేదు. అక్కడ ఇంటికి రెండు కార్లు. పెదకాకానిలో బండి పూజ చేయించిన సంస్కారం సముద్రం దాటినా చెక్కుచెదరలేదు!

అయ్యా ఏలినవారూ, కొత్త పన్ను వద్దు, ఉన్నవే చాలు. గుడి ముందు నిలబడ్డ ప్రతి కొత్త బండీ కట్టిన లైఫ్ టాక్స్‌లో వందకు ఐదు రూపాయలు పల్లెవెలుగు పేరిట పక్కన పెట్టండి. ఆ లెక్క ప్రతి డిపో గోడ మీదా రాయించండి. అదీ కుదరదంటే, కనీసం ఆర్టీసీ డీజిల్ మీద వ్యాట్ వదిలేయండి. మీ బస్సు మీద మీరే పన్ను వేసుకోవడం ఆపడానికి ఏ అసెంబ్లీలోనూ ప్రతిపక్షం అడ్డురాదు.