మా రోజుల్లో టైపులెక్కడివి!

ఏం నాయనా, రెండు ఏటవాలు గీతలు గీకి, వాటి వెనకాల కామెంటు రాసుకుంటావు కదా, ఆ // ఎవరి సొమ్మనుకున్నావు? బీసీపీఎల్‌ది. 1966లో కేంబ్రిడ్జిలో మార్టిన్ రిచర్డ్స్ రూపకల్పన చేసి, మరుసటేడు అమెరికాలో ఎంఐటీలో కూర్చుని కంపైలరు రాసిన భాష. పేరైనా విన్నావా? వినవు. మీకు రోజుకో కొత్త భాష కావాలి, దానికో బొమ్మ, ఆ బొమ్మ వేసిన టీషర్టు.

మా రోజుల్లో కంప్యూటరు గది బయట చెప్పులు విప్పి, లోపల ఏసీకి వణుకుతూ మన వంతు కోసం నిలబడేవాళ్ళం. ఇప్పుడు మంచం మీద బోర్లా పడుకుని ప్రోగ్రాములు రాస్తున్నారు. ఏం చెబుతున్నాను? ఆ, బీసీపీఎల్.

దాన్లో టైపులు లేవురా అబ్బాయ్. అంకైనా, అక్షరమైనా, మెమరీలో ఇంకోచోటి అడ్రసైనా అంతా ఒకే కొలత గడి, వర్డు. కూడమంటే కూడేది. ముందు ఆశ్చర్యార్థకం పెడితే ఆ అంకెనే అడ్రసనుకుని అక్కడికి పోయి చూసొచ్చేది. ఎందుకని అడిగేది కాదు. మీ కంపైలర్లో? కొత్తకోడలి వెనకాల తిరిగే అత్తగారిలా ప్రతి గిన్నె మూతా తీసి చూస్తాయి. అడగని భాష కాబట్టే తప్పుడు అడ్రసుకు పోయి అక్కడున్నది తుడిచేసినా నోరెత్తేది కాదు, రాసినవాడు రాత్రంతా వెతుక్కునేవాడు. అది వేరే సంగతిలే.

అసలు తమాషా ఏమిటంటే, అది కోతకోసిన భాష. కేంబ్రిడ్జి, లండన్ విశ్వవిద్యాలయాలు కలిసి, క్రిస్టఫర్ స్ట్రేచీ వంటి ఉద్దండులతో సీపీఎల్ అని ఒక మహాభాష మొదలుపెట్టాయి. అది ఎంతకీ తెమల్లేదు. కంపైలు చేయడానికి కష్టమైనవన్నీ రిచర్డ్స్ కత్తిరించి పారేశాడు. సీపీఎల్ పెద్దలూ ఆనాడు నాలాగే గొణిగి ఉంటారు, కాదనను. కంపైలరును ఆ భాషలోనే రెండు సగాలుగా రాశాడు. ముందు సగం, లేని యంత్రమొకదాన్ని ఊహించుకుని దాని కోసం ఓ-కోడ్ తయారుచేస్తుంది. కొత్త మెషీను వస్తే వెనక సగం ఒక్కటి మార్చుకుంటే చాలు. జావా వాళ్ళు 1990లలో బైట్‌కోడ్ అని ఊరేగించినప్పుడు నాకు నవ్వొచ్చింది.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ చేతిలో ఉన్న పీడీపీ-7 కంప్యూటరులో 8,192 వర్డులే జాగా. అందులో పట్టేలా బీసీపీఎల్‌ను ఇంకా నొక్కితే 'బి' అనే భాష వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పీడీపీ-11 మెమరీని బైట్ల లెక్కన చూసేది, దాంతో అంతా వర్డేనన్న పద్ధతి ఇబ్బందైంది. డెనిస్ రిచీ టైపులు తగిలించాడు, 1972కల్లా 'సి' తయారు. అదిగో, అక్కడే చెడింది! ముప్పై ఏళ్ళు ఆ సి పెట్టిన అన్నమే తిన్నాను, అయినా చెబుతాను.

బ్యార్నె స్ట్రౌస్ట్రుప్‌దీ ఓ కథ. కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేస్తూ ఒక సిమ్యులేటరును మొదట సిమ్యులా అనే భాషలో రాశాడు, సుఖంగానే ఉంది గానీ నత్తనడక. బీసీపీఎల్‌లో తిరగరాస్తే పరుగెత్తింది, రాసేవాడి ప్రాణం మాత్రం తోడేసింది. ఆ బాధలోంచే తర్వాత సి++ పుట్టింది. బి, సి వదిలేసిన ఆ // ని దాన్లోకి మళ్ళీ తెచ్చింది ఆయనే. సి అయితే 1999 దాకా ఒప్పుకోలేదు. సుఖపడ్డవాడెవడైనా భాష కనిపెట్టాడా, చెప్పు?

1985లో వచ్చిన అమీగా కంప్యూటరులో డాస్ భాగం బీసీపీఎల్‌దే. దాని అడ్రసులు వర్డుల లెక్కలో ఉండేవి, సి కుర్రాళ్ళు ప్రతిసారీ నాలుగుతో గుణించుకుంటూ తిట్టుకునేవారు. ఓ ఎక్కం చదివితే అరిగిపోతారా?

రిచర్డ్స్ ఆ తర్వాత రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద కూడా దాన్ని నడిపించి, కుర్రాళ్ళ కోసం పుస్తకం రాసి ఉచితంగా ఇచ్చాడు. మా మనవడి దగ్గర ఆ బోర్డుంది, దానిమీద పాత ఆటలు ఆడుకుంటాడు. బీసీపీఎల్ ఎక్కించి ఇవ్వరా అంటే వచ్చే ఆదివారం అంటాడు. నేనే ఎక్కించుకుందును గానీ, ఆ మెమరీ కార్డు మరీ గోరంత, వేళ్ళకు దొరికి చావదు. మా రోజుల్లో టేపుచుట్టలు ఎంచక్కా చేతినిండా ఉండేవి.