సర్వేశ్వరుల లీలలు

తొలకరికి ఆరుద్ర పురుగులు బయటపడినట్టు ఎన్నికలకు సర్వేశ్వరులు బయటపడతారు. టీవీ తెర నిండా 'ఫలానా పార్టీకి 98 నుంచి 105 సీట్లు' అని మోగిస్తారు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'శాంపిల్ 10,000, తేడా ప్లస్ ఆర్ మైనస్ 1 శాతం' అని వేస్తారు.

లెక్కతో నాకు తగువు లేదు. 95 శాతం నమ్మకంతో ఒక్క శాతం తేడాలో చెప్పాలంటే 9,600 మంది చాలు. వెయ్యి మందైతే తేడా మూడు శాతం. కానీ స్వామీ, అది రాష్ట్రం మొత్తం ఓట్లకు! ఆంధ్రప్రదేశ్‌లో నియోజకవర్గాలు 175. మీ పదివేలూ పంచితే ఒక్కోదానికి 57 మంది, అంటే ఒక పెళ్లి బస్సు. తేడా అటు 13, ఇటు 13. మీరు 45 శాతం ఇచ్చిన అభ్యర్థి 32తో చిత్తుగా ఓడనూవచ్చు, 58తో ఊరేగనూవచ్చు. ఈ మాత్రం జోస్యానికి చిలక చాలదూ? జామముక్క పెడితే సరిపోతుంది.

ఓట్లు సరిగ్గా పట్టినా సీట్లు చిక్కుతాయా? 2024లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు 11.

అసలు తేడా మా వీధి టీ బడ్డీ దగ్గర ఉంది. మండుటెండలో ట్యాబ్ పట్టుకొచ్చిన కుర్రాడు "తాతా, ఈసారి ఎవరికి?" అన్నాడు. తాత వాడి బూట్లు చూశాడు, ట్యాబ్ చూశాడు. "మీకే బాబూ!" అన్నాడు. వాడు టిక్కు కొట్టి, నీడ వదల్లేక మిగతా కోటా అదే బల్ల మీద పూర్తిచేశాడు. ఆడవాళ్లంతా ఉపాధి పనిలో ఉన్నారు. వాడు వెళ్లాక తాత నాతో అన్నాడు: "ఎవరి మనిషో ఏమో! ఎవరొచ్చినా అదే చెబుతా."

ఈ 'మీకే బాబూ'కి ప్లస్ ఎంత, మైనస్ ఎంత?

శాంపిల్ పెంచితే పోయే జబ్బు కాదిది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల జాబితాలు చూసి కోటి చీటీలు పంపింది. 23 లక్షల జవాబులొచ్చాయి. లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 ఊడ్చేశాడు. గరిటె తిప్పకుండా పైమెతుకు పట్టిచూస్తే, గుండిగ ఎంత పెద్దదైనా అడుగు మాడిన సంగతి తెలియదు.

ఫలితాల రోజు సర్వేశ్వరుడు చెక్కుచెదరడు. "మేం 95 శాతమే నమ్మకం అన్నాం, ఇది ఆ మిగతా అయిదు" అంటాడు. ఏ ఎన్నికలొచ్చినా ఆయన కాపురం ఆ అయిదులోనే!

ఈసారి మా తలుపు తడితే ఏం చెప్పాలో తాత దగ్గర నేర్చుకున్నాను.