సంపాదకీయం ఎవరి నెత్తిన?

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పేపర్లు చదివే పెద్దమనుషులకి ఏటా ఏప్రిల్ నెలాఖరులో గడ్డుకాలం మొదలవుతుంది. అప్పుడు బళ్ళు మూస్తారు, జూన్‌లో గానీ తీయరు. ఈలోగా పొద్దున్నపూట గ్రంథాలయంలో పిల్లలకి వేసవి విజ్ఞాన శిబిరం. అంటే ఫ్యాను కింద కుర్చీలన్నీ వాళ్ళవి, గుమ్మం పక్కన కాలు ఊగే బల్ల మాది.

ఊరికే ఒప్పుకున్నామా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు కడుతున్నామనీ, ఆ లెక్కన ఫ్యానులో మాకూ ఒక రెక్క వస్తుందనీ రిటైరైన తాలూకాఫీసు గుమాస్తాగారు వాదించారు. లైబ్రేరియన్ అమ్మాయి శ్రద్ధగా విని, "అయితే బాబాయిగారూ, రేపు పిల్లలకి కథలు మీరే చెప్పండి" అంది. ఆయన చల్లగా జారుకున్నారు. ఆ పని నా మెడకు చుట్టుకుంది.

మా ఊళ్ళో సెలవులు ఖర్చుపెట్టే దారులకి కొదవలేదు. బస్టాండు దాటితే ఫ్లెక్సీలే ఫ్లెక్సీలు: అబాకస్, వేదిక్ మ్యాథ్స్, కరాటే, రోబోటిక్స్. మా పక్కింటి కుర్రాడు పొద్దున కరాటే, మధ్యాహ్నం అబాకస్, సాయంత్రం కీబోర్డు. "నీకు సెలవులెప్పుడురా?" అంటే "బళ్ళు తెరిచాక తాతగారూ" అన్నాడు. ఫీజు కట్టలేనివాళ్ళూ, కట్టి విసిగినవాళ్ళూ, అమ్మమ్మగారింటికొచ్చి ఫ్రిజ్ తలుపు ఊడబీకినవాళ్ళూ మాత్రం మా గ్రంథాలయానికి వస్తారు. ఇక్కడ పైసా అక్కర్లేదు. టైమ్‌టేబులు ఉంది గానీ, ఎవరో దాతలు మజ్జిగ పంపిస్తే అదీ అక్కడితో ఆఖరు.

అసలు గొడవ కాగితం బొమ్మల దగ్గర వచ్చింది. రంగు కాగితాలు అయిపోయాయి, పాత పేపర్లు తీసుకోమన్నారు. తెల్లారుజామున వచ్చిన పేపరు పిల్లల లెక్కలో తొమ్మిదింటికి పాతదే కదా! గుమాస్తాగారు సంపాదకీయం కోసం బల్లలన్నీ గాలించి, చివరికి రెండో వరసలో ఓ చిన్నదాని నెత్తిమీద కనిపెట్టారు. చక్కటి టోపీ. కోపంగా వెళ్ళినవారు కాస్తా, కళ్ళజోడు సర్దుకుని ఆ పిల్ల చుట్టూ తిరుగుతూ చదవడం మొదలెట్టారు. నుదుటి మీద రెండు పేరాలు, ఎడమ చెవి పక్కన ఇంకోటి. గుడిలో కూడా ఆయన అంత నిదానంగా ప్రదక్షిణ చెయ్యగా నేను చూడలేదు.

"చివర లోపలికి మడత పడింది తాతా, విప్పనా?" అందా పిల్ల.

"వద్దులేమ్మా. ప్రభుత్వం తక్షణం చర్యలు తీసుకోవాలనే ఉంటుంది."

తర్వాత నా కథ. ఈ ప్రాంతం పిల్లలకి తెలియాలని పడవ గ్రంథాలయం ఎత్తుకున్నాను. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద తిరిగే పడవలో పుస్తకాలు పెట్టించి, ప్రయాణికులచేత చదివించిన ముచ్చట. నేను గొంతు పెంచి, చేత్తో తెడ్డు వేసి మరీ చెప్పాను. పిల్లలు కిక్కురుమనలేదు. ఆహా అనుకున్నాను. ఇంతలో ఒకడు చెయ్యెత్తాడు.

"రేవు వచ్చేసరికి కథ అవకపోతే?"

"మళ్ళీ ఎక్కినప్పుడు చదువుకోవాలి."

"ఎక్కేసరికి ఆ పుస్తకం ఇంకెవరి చేతిలోనో ఉంటే?"

నేను నీళ్ళు నములుతుండగానే టోపీ పిల్ల లేచింది. "తాతా, పడవ మునిగిపోతే పుస్తకాలకి ఫైను ఎవరు కట్టాలి?"

పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా వెతికినా నా దగ్గర జవాబు లేదు. అప్పుడు గుమ్మం పక్క బల్ల కిర్రుమంది. గుమాస్తాగారు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "1935 అంటే మన చట్టానికి పాతికేళ్ళ ముందు. కాబట్టి ఈ చట్టం కింద ఫైను వసూలుకి వీల్లేదు. కేసు కొట్టివేయడమైనది" అన్నారు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా పడవని, తెడ్డుని మర్చిపోయి అంతా ఆయన చుట్టూ మూగారు. మర్నాడు ఆయన కుర్చీ ఏకంగా ఫ్యాను కిందకే చేరింది. నేనిప్పుడు ఊగే బల్ల మీద ఒంటరిగా పేపరు చదువుకుంటున్నాను, అటునుంచి మాత్రం ఆగకుండా వినబడుతోంది: "తాతా, పుస్తకాన్ని మేక తింటే ఏ సెక్షను? మేకకా, మాకా?"