అరవై వేల తాయెత్తు

"బండి తల ఊపుతోందన్నయ్యా" అన్నాడు మా తోడల్లుడు. "ఎప్పుడు?" అన్నాను. "అరవై మీద పోతూ రెండు చేతులూ వదిలితే." "చేతులెందుకు వదిలావయ్యా?" "ఊపుతోందో లేదో చూద్దామని."

ఆ పరిశోధన జరిగిన నెల రోజులకు అమెరికా నుంచి పార్సిల్ దిగింది. విప్పితే గుప్పిట్లో పట్టేంత బంగారు రంగు డబ్బా, మీద తిప్పడానికో బుల్లి మీట. స్టీరింగ్ స్టెబిలైజర్ అట, డ్యాంపర్ అనీ అంటారు. స్టెబిలైజరనగానే మా ఆవిడ ఏసీకేమో అనుకుని, "మాకూ ఒకటి చెప్పాల్సింది మరిదీ, ఎంతపడింది?" అని అడిగింది. సరుకు ధర, కస్టమ్స్ సుంకం, బిగించే బ్రాకెట్టు కలిపి అరవై వేలు. ఆ డబ్బుకి ఏసీయే వస్తుందని మా ఆవిడ మనసులో అనుకోలేదు, పైకే అనేసింది.

మా తోడల్లుడిది డ్యూయల్ స్పోర్ట్ బండి. అంటే తారు రోడ్డు మీదా, మట్టి దారిలోనూ నడిచే జాతి. హైదరాబాదులో ఈ రెండూ చూడ్డానికి దూరం వెళ్లనక్కర్లేదు, మంచినీళ్ల పైపుకోసం తవ్విన ఏ వీధైనా చాలు. ఎక్స్‌పల్స్ అయినా హిమాలయన్ అయినా ఈ బళ్లకు ముందు చక్రం 21 అంగుళాలు. పెద్ద చక్రం గుంతలో పడినా సులువుగా ఎక్కి వస్తుంది. కంపెనీవాళ్లు అలా చేసింది, పాపం, మనల్ని ఖర్చులో పెట్టడానికి కాదు.

డబ్బాలో ఉన్న విద్యేమిటో కూడా చెప్పుకోవాలి. బ్యాంకు తలుపు పైన ఇనుప చెయ్యి ఉంటుంది చూడండి, అదే దీనికి అన్న. తలుపు మెల్లగా తోస్తే మెల్లగా వస్తుంది, దబ్బున నెడితే మొరాయిస్తుంది. డ్యాంపర్ లోపలా ఆయిలే, సన్నటి దారిలోంచి దూరాలి. హ్యాండిల్‌ను మనం నిదానంగా తిప్పితే ఊరుకుంటుంది, రాయి తగిలి చటుక్కున గుంజుకుంటే అడ్డుపడుతుంది. అంతే. ఇందులో మంత్రం లేదు, మోసమూ లేదు.

మోసం లేదని ఎందుకంటున్నానంటే, దీని అవసరం ఉన్నవాళ్లు నిజంగానే ఉన్నారు. డకార్ ర్యాలీలో 450 సీసీ బండి మీద నిలబడి, ఇసుకలో దాగిన రాళ్ల మీంచి గంటకు నూరు దాటి పోయేవాడికి ఇది వేషం కాదు, మణికట్టుకు రక్ష. 2015లో ఆ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్. 2024లో హరిత్ నోవా ర్యాలీ-2 తరగతి గెలిచాడు. వాళ్లు రోజుకి వందల కిలోమీటర్లు, దాదాపు రెండు వారాలు తోలతారు. వాళ్ల హ్యాండిల్ మీద డ్యాంపర్ ఉంటే నమస్కారం పెడతాను.

మరి మా తోడల్లుడి ర్యాలీ? సోమవారం నుంచి శుక్రవారం దాకా కొండాపూర్ నుంచి గచ్చిబౌలి. సగటు వేగం పెళ్లి ఊరేగింపుది. పోనీ ఔటర్ రింగ్ రోడ్డెక్కి సత్తా చూపిద్దామంటే, 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాల్ని రానివ్వరు. ఆదివారం అనంతగిరి కొండలు. అక్కడ కష్టమైన మలుపులు రెండే: మిర్చి బజ్జీల బండి దగ్గర ఒకటి, వ్యూ పాయింటు దగ్గర ఒకటి. రెండింటికీ బ్రేకు చాలు.

డ్యాంపర్‌ను గట్టిగా బిగించి ట్రాఫిక్‌లోకి వెళ్తే జరిగేది ఇంకా ముచ్చట. నడక వేగంలో బండి నిలబడేదే హ్యాండిల్ అటూ ఇటూ చిన్నగా కదలబట్టి. ఆ కదలికను ఆయిలు పట్టుకుంటే బండి గంగిరెద్దులా తలాడించడం మాని, మొండి దున్నలా మెడ బిగదీస్తుంది. మొదటి రోజే సిగ్నల్ దగ్గర ఆటో అద్దానికి ముద్దుపెట్టి వచ్చాడు. "సెట్టింగ్ కుదరాలన్నయ్యా, ఇంకో నాలుగు క్లిక్కులు వదులు చేస్తా" అన్నాడు. అలా వదులు చేస్తూ చేస్తూ చివరికి మీట మొదటి గీతకు వచ్చింది. అంటే డబ్బా ఉంది, పనిలేదు. మెడలో తాయెత్తు లాగే.

ఆ డబ్బా బిగించింది మా వీధి చివరి మెకానిక్. బిగించే ముందు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మాట్లాడకుండా బండిని సెంటర్ స్టాండ్ మీద వేశాడు. "సార్, మీరు వెనక కూసోండ్రి" అని తోడల్లుణ్ని కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు. ఫోర్కుల కింది భాగం రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ గుంజాడు. టక్. మళ్లీ గుంజాడు. టక్. తర్వాత ఒక్క వేలితో హ్యాండిల్ తిప్పితే, సరిగ్గా మధ్యకు రాగానే గాడిలో పడ్డట్టు ఆగింది. "కోన్ సెట్ పోయింది సార్, హ్యాండిల్ బేరింగు. బండికి మెడనొప్పి ఉంటే మీరు మెడకు గొలుసు తెచ్చిండ్రు" అన్నాడు.

అంతటితో ఆగలేదు. చిన్న స్పానర్‌తో చక్రం పుల్లలు ఒక్కొక్కటీ మీటాడు. ఖంగుమనాల్సినవి నాలుగు చప్పగా మోగాయి. గాలి కొలిస్తే, ఉండాల్సిన దాంట్లో ముప్పాతికే ఉంది. వెనక ఇనుప పెట్టె తెరిస్తే పంపు, టూల్స్, రెండు లీటర్ల నీళ్లు, గొడుగు. బరువంతా వెనక్కి లాగితే ముందు చక్రం తేలికవుతుంది, తేలికైన తల ఊగక ఏం చేస్తుంది? కోన్ సెట్టూ పుల్లల బిగింపూ గాలీ కలిపి ఆయన బిల్లు పదిహేను వందలు. తల ఊపడం ఆ సాయంత్రమే మానేసింది.

భక్తులు ఇక్కడొక ప్రశ్న వేస్తారు: "రెండూ ఉంటే నష్టమేంటి?" ఉంది. బండి వణుకు రెండు రకాలు. సెకనుకు ఏడెనిమిది సార్లు హ్యాండిల్ కొట్టుకునేది తల వణుకు. వేగంలో, ముఖ్యంగా వెనక బరువున్నప్పుడు, బండి మొత్తం సెకనుకు రెండు మూడు సార్లు పాములా మెలికలు తిరిగేది నడుము ఊపు. డ్యాంపర్ మొదటిదాన్ని అణుస్తుంది. రెండోదాన్ని ఒక్కోసారి పెంచుతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం, అరిగిన బేరింగు టక్కుమని చెప్పే కబురు మన చేతుల దాకా రానివ్వదు. జ్వరం తగ్గలేదని థర్మామీటరు దాచినట్టు.

ఆఖరి అస్త్రం మా తోడల్లుడిదే: "ప్రాణానికి వెల కట్టగలమా అన్నయ్యా?" కట్టలేం నాయనా. అందుకే అడుగుతున్నా, హెల్మెట్ పట్టీ ఎందుకు వేలాడుతోంది? కాలికి బూటు బదులు హవాయి చెప్పులేమిటి? వెనక టైరు గుండు కొట్టించుకుని ఏడాదైంది కదా? అరవై వేలల్లో ఇవన్నీ వచ్చి, మట్టిలో తోలడం నేర్పే శిక్షకుడికి ఫీజు పోగా, ఇంకా అనంతగిరి బజ్జీలకు మిగిలేది. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడు. ఈ కాలంవాడు ఇంకో మద్దెల కూడా కొంటున్నాడు.

ఇదేదో కొత్త ఆవిష్కరణ అని మురిసిపోయేవాళ్లు పాత బుల్లెట్ దగ్గరికి వెళ్లి చూడండి. హ్యాండిల్ నడిమధ్య నల్లటి గుండ్రటి నాబ్ ఉంటుంది. స్టీరింగ్ డ్యాంపరే, లోపల రాపిడి బిళ్లలు. సైడ్‌కార్ తగిలించినప్పుడు బిగించుకుంటారని పెట్టారు. మా మామగారు ఇరవై ఏళ్లు బుల్లెట్ తోలారు. ఆ నాబ్ ఎందుకుందని అడిగితే, "గొడుగు తగిలించుకోడానికి" అన్నారు.

కొనేవాళ్లను వద్దనను. రాళ్ల దారిలో ఎనభై, తొంభై మీద నిలబడి తోలేవాళ్లు, బేరింగూ టైరూ సస్పెన్షనూ అన్నీ సరిచేశాక కూడా చేతులు లాగేసేవాళ్లు తప్పకుండా కొనుక్కోండి, పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతుంది. మిగిలినవాళ్లు ఈ ఆదివారం బండి ముందు చక్రం లేపి, ఫోర్కులు పట్టుకుని ఒక్కసారి గుంజి చూడండి. టక్కుమంటే మీకు కావలసింది అమెరికాలో లేదు, మీ వీధి చివరే ఉంది.