కోర్ల మామ

నంబులపూలకుంటలో ఈయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ కోర్ల మామే. ఇలాంటి మామలు కదిరిలో ఇద్దరైనా, ధర్మవరంలో నలుగురైనా ఉంటారు. జిరాక్సు, నెట్ సెంటరు ఆయన బతుకుదెరువు. భూమి కాగితాలు 1-బి, అడంగల్ తీసిస్తాడు. కాగితం కోసం వస్తే నిలబెట్టే పంపిస్తాడు. సోలార్ పార్కు కుర్ర ఇంజినీరెవరైనా ల్యాప్‌టాప్ సంగతి అడిగితే మాత్రం కుర్చీ వేసి, టీ చెప్పి, “ఎన్ని కోర్లు కావాల?” అని మొదలుపెడతాడు. కోరంటే కంప్యూటర్ చిప్పులో లెక్కలు చేసే ఒక్కో మెదడు.

గోడకి కదిరి నరసింహస్వామి క్యాలెండరు, పక్కన 64 కోర్ల ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ చిప్పు బొమ్మ. 2020లో ఆ చిప్పు ధర 3,990 డాలర్లు. రెండింటికీ కలిపి ఒకటే అగరొత్తి.

చిప్పుల కంపెనీల్లో మామది ఏఎండీ పార్టీ. దాని పోటీదారు ఇంటెల్ పేరెత్తితే 2004లోకి లాక్కుపోతాడు. “నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్యారు. వేడికి తట్టుకోలేక మానుకున్యారు. వేగం పెంచేకి కాక, కోర్లు పెంచే దావ పట్టినారు.” ఇందులో అబద్ధం లేదు. మరుసటి ఏడు రెండు కంపెనీలూ పోటాపోటీగా రెండు కోర్ల చిప్పులు దించాయి. 2008లో ఏఎండీ మూడు కోర్ల ఫినామ్ తెచ్చింది. అది ఒక కోరు ఆపేసిన నాలుగు కోర్ల చిప్పే. తర్వాతి ఫినామ్ 2లో ఆ నిద్రపోయే నాలుగోదాన్ని లేపిన రోజు గురించి మామ చెబుతుంటే, కొత్తవాళ్లు కొడుకు పుట్టిన సంగతి అనుకుంటారు.

2017లో ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్ వచ్చాక ఆయన్ని పట్టలేకపోయాం. మామూలు డెస్క్‌టాప్ చిప్పుల్లో ఏళ్ల తరబడి నాలుగు కోర్ల దగ్గరే కూర్చున్న ఇంటెల్ ఆ ఏడే ఆరుకు, మరుసటి ఏడు ఎనిమిదికి ఎక్కింది. ఇంతలో ఏఎండీలో గ్రాఫిక్స్ చూసే మన తెలుగాయన రాజా కోడూరి ఇంటెల్‌లో చేరిపోయాడు. ఆ వారం మామ షట్టరు సగమే లేచింది.

ఆయన నోరు మూయించాలంటే ఏఎండీ ఎఫ్ఎక్స్ మాట ఎత్తాలి. 2011 నాటి ఆ చిప్పుల్ని ఎనిమిది కోర్లని అమ్మితే, కోర్లు జంటలుగా భాగాలు పంచుకుంటున్నాయని అమెరికాలో కేసు పడింది. 2019లో ఏఎండీ 1.21 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. ఈ ముక్క వినగానే మామ ప్రింటర్లో పేపరు ఇరుక్కుంటుంది.

అసలు ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాల్సిన పని ఎన్ని కోర్లు పెట్టినా త్వరపడదని కంప్యూటర్ నిపుణుడు జీన్ అమ్డాల్ 1967లోనే చెప్పాడు. మామ సెంటరులో జరిగేదంతా ఆ పనే. ఓటీపీ రానిదే సైటు తెరుచుకోదు, సైటు తెరుచుకోనిదే కాగితం రాదు. మొన్న ఒక పెద్దాయన గంటసేపు కూర్చుని విసుక్కున్నాడు.

“సర్వర్ డౌను పెద్దాయనా! నా మిషను తప్పు కాదు, ఎనిమిది కోర్లది.”

“అట్లనా? నేనూ మూడు బోర్లు ఏయిస్తి నాయనా. అదీ బోర్ల తప్పు కాదంట.”

ఇంట్లో టైపింగుకీ, లెక్కలకీ, పిల్లల పాఠాలకీ అయితే ఆరు కోర్లు దండిగా సరిపోతాయి. మిగిలిన డబ్బు మంచి ఎస్ఎస్‌డీకి పెట్టుకోండి. ఈ మాట నేను చెప్పానని మామకి మాత్రం చెప్పకండి.