పదవీ విరమణకు ముహూర్తం

మా వంశంలో ముందస్తుగా రిటైరైన మొదటి మనిషి మా తాతయ్య. తాలూకాఫీసులో గుమాస్తా. ఆయన ఎక్సెల్ షీటు వేయలేదు, యూట్యూబ్ సలహాదారుల్ని వినలేదు. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరి 8న రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించుతూ జీవో వచ్చింది. ఆసరికే 55 దాటినవాళ్లంతా ఫిబ్రవరి 28 మధ్యాహ్నానికి ఇంటికి! ఇరవై రోజుల్లో తేలిపోయింది. 55 దాటినవాళ్లు ఇక చాలన్న ముఖ్యమంత్రికి అప్పటికే 59 నిండాయి, కొత్త ఉద్యోగంలో చేరి నెలరోజులైంది. తాతయ్య ఈ ముక్క వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, కాఫీ చల్లారేదాకా.

తర్వాత వయసు మళ్లీ 58 అయింది గానీ, ఆయన అప్పటికే అరుగు మీద స్థిరపడిపోయాడు. ముప్పై మూడేళ్లు పనిచేసి ముప్పై నాలుగేళ్లు పెన్షన్ తీసుకున్నాడు. డీఏ పెరిగిందని పేపర్లో పడిన రోజు ఆయన నడకే వేరు. ఇవాళ హైటెక్ సిటీ కుర్రాళ్లు కలలుగంటున్న జీవితాన్ని మా తాతయ్య గోచీపంచెతో అనుభవించాడు, అదీ ఇష్టం లేకుండా!

మా బావగారిది సరిగ్గా రివర్సు. కృష్ణా జిల్లాలో హెడ్మాస్టరు. 58కి దిగిపోతానని ఆయన సర్వీసు మొదట్లోనే గోడ మీద రాసిపెట్టుకున్నంత ధీమాగా ఉండేవారు. 2014లో అది 60 అయింది. సరే, 2022 జనవరి 31న 60 నిండిన సంబరం. ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇచ్చారు, వంటవాడికి బజ్జీల లెక్క చెప్పారు, మా అక్క పట్టుచీర కొనుక్కుంది. సంక్రాంతికి వారం ముందు ప్రభుత్వం వయసును 62 చేసింది, అదీ జనవరి 1 నుంచే. అనుభవజ్ఞుల సేవలు వాడుకుంటామంది సర్కారు. ఒక్కసారిగా ఇవ్వాల్సిన గ్రాట్యుటీలు రెండేళ్లు వెనక్కి జరిగాయిలే అన్నారు స్టాఫ్‌రూమ్‌లో. హాలువాడు అడ్వాన్సు తిరిగివ్వలేదు. చీర మాత్రం అక్క ఆ పండక్కే కట్టేసుకుంది.

ఇటు తెలంగాణలో 2021లోనే 61 చేశారు. అంటే కోదాడ దాటి జగ్గయ్యపేట చేరితే మనిషికి ముసలితనం ఏడాది ఆలస్యంగా వస్తుందన్నమాట. వాతావరణం కాబోలు.

ఇక నేను. వయసు 47, సాఫ్ట్‌వేరు, నిజాంపేటలో ఫ్లాటు. తాతయ్యకూ బావకూ ముహూర్తం సర్కారు పెట్టింది. నాకు నేనే పెట్టుకోవాలి. పంచాంగం అమెరికాది. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో లెక్కగట్టాడు: కూడబెట్టిన దాంట్లో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆపైన ధరలతోపాటు పెంచుకుంటూ పోయినా ముప్పై ఏళ్లు గడుస్తుందని. ఏడాది ఖర్చుకు పాతిక రెట్లుంటే బ్యాగు సర్దేయొచ్చన్నది దాని తాత్పర్యం. నాకు నెలకు లక్ష, ఏడాదికి పన్నెండు, పాతిక రెట్లంటే మూడు కోట్లు. ఫైలుకు ‘విముక్తి’ అని పేరు పెట్టి మా ఆవిడకు చూపించాను.

ఆవిడ అద్దాలు పెట్టుకుని కిందిదాకా చదివింది. “ఇందులో పెళ్లిళ్లేవీ?” అంది.

“మనమ్మాయికి ఇంకా పదిహేడేళ్లేగా.”

“మనింట్లోవి కాదండీ, ఊళ్లోవాళ్లవి. చదివింపులు, చీరలు, గృహప్రవేశాలు, చుట్టాల రాకపోకలు. బెంగెన్ గారికి ఆడపడుచులు లేరా?”

అక్కడ పడింది దెబ్బ. ‘ఇతరములు’ అని నేను ఒక్క వరసలో రాసింది ఆవిడ విప్పితే పద్దెనిమిది వరసలైంది. బంగారం సంగతీ అందులోనే తేలింది. నేను ఉద్యోగంలో చేరిన 2000లో తులం నాలుగున్నర వేలు కూడా లేదు, 2025లో లక్ష దాటింది. డాలరు అప్పుడు 45 రూపాయలు. అమ్మాయి ఎమ్మెస్ అంటోంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో అమ్మానాన్నలున్నారు, నేను బయటికొస్తే వాళ్లూ బయటికే. పైగా ఆ ముప్పై ఏళ్ల లెక్క అమెరికా షేర్ల మీద, అమెరికా బాండ్ల మీద కట్టింది. 47కు దిగినవాడు తాతయ్యలా తొంభైదాకా బతికితే పదమూడేళ్లు ఎక్స్‌ట్రా. తాతయ్య దీర్ఘాయుష్షు మాకు గర్వకారణంగా ఉండేది. ఇప్పుడది అప్పుల పద్దులో ఉంది. మూడు కోట్లు కాస్తా ఐదు దాటింది.

పెన్షన్ లేదా అంటారేమో. ఉంది, పీఎఫ్ వాళ్లది. జీతం ఎంతున్నా 2014లో పెట్టిన 15,000 పరిమితి మీదే లెక్క. అదీ 58 నిండాకే. యాభై దాటాక ముందే కావాలంటే ఇస్తారు, ముందైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోసి. అమెరికాలో 4 శాతం తీసుకోవచ్చంటారు, ఇక్కడ 4 శాతం తీసేసుకుంటారు. శాతం ఒకటే, చెయ్యి మారింది.

డబ్బు కుదిరినా పరువు కుదరొద్దూ? ‘అమ్మాయి తండ్రి ఏం చేస్తారు?’ అంటే ‘రిటైరయ్యారండీ’ అని చెప్పాలి. 62కు చెబితే నమస్కారం పెడతారు, 47కు చెబితే ‘అయ్యో, ఏం జరిగింది?’ అంటారు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ సెక్రటరీ పదవి ఎలాగూ ఖాయం. ఖాళీగా ఉన్న మగాడు కనిపిస్తే బోరు మోటారు రిపేరు వాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది.

ఇంతలో ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి, ఖర్చు తగ్గిస్తారట. ఈ దేశంలో ఆర్థిక ఇబ్బందికి రెండు వైద్యాలున్నాయి. చేతిలో డబ్బుల్లేకపోతే ప్రభుత్వం మనిషిని పోనివ్వదు, కంపెనీ మనిషిని ఉండనివ్వదు. రోగం ఒకటే. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నా అంతట నేను రాజీనామా చేస్తే గ్రాట్యుటీ, పూలబొకే. వాళ్లే పంపిస్తే కొన్ని నెలల జీతం అదనం. అంటే నేను చేయాల్సిందల్లా పనికిరాకుండా పోవడం. పాతికేళ్లుగా అలవాటైన పనితనాన్ని ఒక్క త్రైమాసికంలో వదిలించుకోవడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. పదింటికి రావాల్సింది పదకొండుకు వచ్చాను. మీటింగుల్లో నోరు విప్పలేదు. రిపోర్టులు సగం సగం పంపాను. చూస్తే మా ఫ్లోర్లో నలభై ఐదు దాటినవాళ్లంతా అదే తపస్సులో ఉన్నారు, లిఫ్టులో ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోతున్నాం.

పోయిన శుక్రవారం మేనేజరు పిలిచాడు. ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు. తలుపు దగ్గరగా వేశాడు, నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. లోపల మేళతాళాలు మోగాయి.

“సార్, ఈమధ్య మీరు మీటింగుల్లో అనవసరంగా మాట్లాడటం లేదు. రిపోర్టులు క్లుప్తంగా ఉంటున్నాయి. పైవాళ్లకు బాగా నచ్చింది. ఈ ఏడాది మీకు అంచనాలకు మించి అనే రేటింగ్ ఇస్తున్నాం.”

ఇంటికెళ్లి మంచినీళ్లు తాగి మా ఆవిడకు చెప్పాను. జీతం ఎంత పెంచారని అడిగింది.

“4 శాతం.”